ఎవరి మాట ప్రమాణం? నాందేడ్ భూప్రకంపనలు, విజ్ఞానం మీద నమ్మకం

విజ్ఞానశాస్త్రం చెప్పే సంగతుల్లో ఒక మనిషి తనంతట తాను పరీక్షించి చూడగలిగేవి చాలా కొద్ది. కాళ్ళ కింద పది కిలోమీటర్ల లోతున రాతిపొరలు ఎలా ఉన్నాయో, టీకా ఒంట్లోకి వెళ్ళాక ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే పరికరాలు కావాలి, ఏళ్ళ తరబడి చదువు కావాలి. అవి అందుబాటులో లేని కోట్ల మందికి శాస్త్రం చేరేది మరొకరి మాటగానే. ఆ మాటను ఎందుకు నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి, నమ్మిన మాట తప్పితే ఏం చేయాలి? శాస్త్రాన్ని ప్రజలకు చెప్పడమనే పని అంతా చివరికి ఈ మూడు ప్రశ్నల మీదే నిలబడుతుంది. ఇవి తత్వశాస్త్రానికి చాలా పాత ప్రశ్నలు. మతానికి కూడా అంతే పాతవి.

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దుకు దగ్గరలో, గోదావరి ఒడ్డున ఉన్న నాందేడ్‌లో ఈ ప్రశ్నలు పుస్తకాల్లోంచి వీధిలోకి వచ్చాయి. అక్కడ భూమి అప్పుడప్పుడు కంపిస్తుంది. భూమిలోంచి శబ్దాలు వినిపిస్తాయి. పెద్ద భూకంపం వస్తుందా అని జనం అడిగితే, వస్తుందనీ రాదనీ తేల్చి చెప్పగల శాస్త్రం ప్రపంచంలో ఎక్కడా లేదు. తేల్చి చెప్పలేని శాస్త్రం నమ్మకాన్ని ఎలా సంపాదించుకోవాలన్నదే ఇక్కడ పరిశీలించవలసిన విషయం.

శబ్ద ప్రమాణం

ఇతరుల మాట వల్ల కలిగే జ్ఞానాన్ని భారతీయ దర్శనాలు శబ్ద ప్రమాణం పేరుతో లోతుగా చర్చించాయి. న్యాయదర్శనం యథార్థ జ్ఞానానికి ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు సాధనాలు చెప్పింది. గౌతముడి న్యాయసూత్రాలు ఆప్తుడి ఉపదేశాన్నే శబ్దమన్నాయి. ఆప్తుడంటే ఎవరో భాష్యకారుడు వాత్స్యాయనుడు వివరించాడు: విషయాన్ని సాక్షాత్తుగా తెలుసుకున్నవాడు, తెలుసుకున్నదాన్ని ఉన్నదున్నట్టు ఎదుటివారికి తెలియజెప్పాలన్న కోరిక ఉన్నవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానంగా వర్తిస్తుందని కూడా ఆయన స్పష్టం చేశాడు. పుట్టుకను బట్టి, పీఠాన్ని బట్టి ఎవరూ ఆప్తులు కారని దీని సారం. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఈ నిర్వచనాన్ని ఇంకా కుదించి, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడన్నాడు.

అన్ని దర్శనాలూ దీన్ని ఒప్పుకోలేదు. చార్వాకులు ప్రత్యక్షం తప్ప మరేదీ ప్రమాణం కాదన్నారు. బౌద్ధ తార్కికులు, వైశేషికులు శబ్దాన్ని అనుమానంలో కలిపారు. చెప్పినవాడి యోగ్యతను చూసి మాట నిజమై ఉంటుందని ఊహించుకుంటామే గాని, మాటకు సొంతంగా బలం లేదని వారి వాదం. నమ్మకం ఎక్కడ మొదలవుతుందన్న దాని మీద మీమాంసకులకూ నైయాయికులకూ తగాదా ఉంది. కలిగిన జ్ఞానం దానంతటదే ప్రమాణమనీ, దాన్ని కాదనే ఆధారం (బాధకం) కనిపించినప్పుడే దాన్ని వదులుకోవాలనీ మీమాంసకులు అన్నారు. జ్ఞానం నిజమని తేలేది దాన్ని పట్టుకుని చేసిన పని ఫలించినప్పుడేనని నైయాయికులు అన్నారు. ఎండమావి చూసి నడిచినవాడికి నీళ్ళు దొరకవు, చెరువు చూసి నడిచినవాడికి దొరుకుతాయి. అక్కడే తేడా తెలుస్తుంది.

సామాన్య జీవితం ఈ రెంటి మధ్య నడుస్తుంది. మోసపోనంతవరకు మనుషులు మీమాంసకుల లాగే మాటను మాటగా తీసుకుంటారు. డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటారు, వాతావరణ శాఖ చెప్పిన వానకు విత్తనం సిద్ధం చేసుకుంటారు. ఒకసారి దెబ్బతిన్నాక నైయాయికులై, ఫలం చూపించమంటారు. అందువల్ల నమ్మకం పోగొట్టుకున్న శాస్త్రానికి ఉపన్యాసం పనికిరాదు. చేసి చూపించాలి.

నాందేడ్ నేల

నాందేడ్ ప్రాంతం దక్కన్ నల్లరాతి పీఠభూమికి తూర్పు అంచు. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట పొరలు పొరలుగా పారిన లావా గడ్డకట్టి ఆ నల్లరాయి అయింది. జిల్లా తూర్పు వైపు, దెగ్లూరు, బిలోలి దాటి తెలంగాణలోకి వచ్చేకొద్దీ నల్లరాయి పలచబడి దాని అడుగున ఉన్న పాత గ్రానైటు పైకి తేలుతుంది. ఈ రాతిలో పాత పగుళ్ళు ఉన్నాయి. భారత ఫలకం ఉత్తరాన ఆసియాను నెట్టుతున్న ఒత్తిడి ద్వీపకల్పం అంతటా వ్యాపించి ఉంటుంది. బలహీనమైన పగులు దగ్గర అది అప్పుడప్పుడు విడుదలవుతుంది.

2006 చివరి నుంచి నాందేడ్ పట్టణంలోనే చిన్న చిన్న ప్రకంపనలు మొదలయ్యాయి. 2007లో, ఆ తరవాత కూడా కొనసాగాయి. వాటిలో పెద్దవి కూడా 3 తీవ్రతకు అటూ ఇటూనే. అయినా ఉరుము లాంటి శబ్దం, కిటికీల గలగల జనాన్ని ఇళ్ళలోంచి బయటికి పరుగెత్తించాయి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అక్కడ పరికరాలు నెలకొల్పి అధ్యయనం చేసింది. స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయంలోని భూశాస్త్ర విభాగం కూడా వీటిని గమనిస్తూ వచ్చింది. పక్కనున్న హింగోలి జిల్లాలోనూ ఏళ్ళుగా భూమిలోంచి శబ్దాలు వినిపించే ఊళ్ళున్నాయి. 2024 మార్చి 21 ఉదయం హింగోలి జిల్లాలో 4.5 తీవ్రతతో భూమి కంపించింది. నిమిషాల తేడాతో మరో చిన్న ప్రకంపన వచ్చింది. అదే ఏడాది జూలై 10న మళ్ళీ 4.5 తీవ్రత నమోదైంది. రెండుసార్లూ నాందేడ్ వాసులు ఇళ్ళ బయట నిలబడ్డారు.

శబ్దం ఎందుకు వస్తుందో శాస్త్రం వివరించగలదు. చాలా తక్కువ లోతున పుట్టిన చిన్న భూకంపంలో మొదట వచ్చే తరంగాలు సెకనుకు 20 సార్లకు మించి కంపిస్తాయి. మనిషి చెవి పట్టుకోగల శబ్దం అక్కడే మొదలవుతుంది. మెత్తని ఒండ్రు నేల ఆ కంపనాన్ని మింగేస్తుంది. గట్టి రాయి దాన్ని పైకి తీసుకొస్తుంది, నేల దాన్ని గాలికి అందిస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ బోరబండలో జనాన్ని వీధిలోకి తెచ్చిన శబ్దాలూ ఈ కోవలోవే. వివరణ ఇంత సూటిగా ఉన్నప్పుడు చెప్పడం తేలిక, నమ్మించడం కూడా తేలిక. "మరి పెద్దది వస్తుందా?" అనే తరవాతి ప్రశ్న దగ్గరే అసలు కష్టం ఎదురవుతుంది.

కిల్లారి

నాందేడ్ ఉన్న మరాఠ్వాడా ప్రాంతంలో ఆ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు, నాందేడ్ పక్కనున్న లాతూరు జిల్లాలోని కిల్లారి దగ్గర 6.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాల్లో యాభైకి పైగా గ్రామాలు నేలమట్టమయ్యాయి. మృతుల సంఖ్యను 8 వేల నుంచి 10 వేల వరకు చెబుతారు. ముందురోజు అనంత చతుర్దశి. వినాయక నిమజ్జనం ముగించుకుని వచ్చి పడుకున్న జనం నిద్రలోనే గోడల కింద పడిపోయారు.

అప్పటికి అమలులో ఉన్న భూకంప ముప్పు పటంలో కిల్లారి ఉన్నది అన్నిటికంటే సురక్షితమైన ఒకటో జోనులో. ద్వీపకల్పం స్థిరమైన పాత భూఖండమని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. 1967 డిసెంబరులో కోయనా దగ్గర వచ్చిన పెద్ద భూకంపాన్ని ఆనకట్ట నీటితో ముడిపెట్టి ప్రత్యేక సందర్భంగా చూశారు. పైగా కిల్లారి పరిసరాల్లో 1992 ఆగస్టు నుంచి చిన్న ప్రకంపనలు వస్తూనే ఉన్నాయి. అక్టోబరులో ఒకటి 4 తీవ్రతకు చేరింది కూడా. అవి సద్దుమణిగాయి, భయం తగ్గింది, పదకొండు నెలల తరవాత ఊళ్ళు లేకుండా పోయాయి.

పటం తయారుచేసినవారు అబద్ధం చెప్పలేదు. తమ దగ్గరున్న కొద్దిపాటి చరిత్ర ఆధారంగా గీశారు. వాత్స్యాయనుడి కొలతలో చూస్తే వారికి ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక ఉంది, సాక్షాత్తుగా తెలుసుకోవడమన్న షరతు మాత్రం పూర్తి కాలేదు. లోపం ఆ పటం జనానికి చేరిన తీరులో ఉంది. "ఇంతవరకు ఇక్కడ పెద్ద భూకంపం నమోదు కాలేదు" అన్న మాట ప్రయాణంలో "ఇక్కడ భూకంపం రాదు" అయింది. మొదటిది తెలిసిన సంగతి. రెండోది ఎవరికీ తెలియని సంగతి. 2002లో సవరించిన పటంలో ఒకటో జోనును తీసేసి రెండో జోనులో కలిపారు. లాతూరు ప్రాంతం మూడో జోనులోకి వచ్చింది. తన తప్పును తానే దిద్దుకోవడం శాస్త్రానికి గౌరవమే. ఆ దిద్దుబాటు ఎందుకు జరిగిందో ఊరూరా చెప్పినప్పుడే జనం దృష్టిలో కూడా అది గౌరవమవుతుంది. చెప్పకపోతే, మొన్న ఒకటన్నారు, నేడు ఇంకొకటంటున్నారన్న మాటే మిగులుతుంది.

భరోసా, హెచ్చరిక

చిన్న ప్రకంపనలు వరుసగా వస్తున్నప్పుడు రెండు రకాల ప్రచారాలు పుడతాయి. పెద్దది ఫలానా రోజున వస్తుందని ఒకటి. చిన్నవి వస్తున్నాయి కాబట్టి లోపలి శక్తి ఖర్చైపోయి పెద్దది రాదని రెండోది. మొదటిది భయపెడుతుంది, రెండోది నిద్రపుచ్చుతుంది. రెంటికీ ఆధారం లేదు.

శక్తి లెక్క చూస్తే రెండోది ఎందుకు తప్పో తెలుస్తుంది. తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. రెండు అంకెలకు వెయ్యి రెట్లు, మూడు అంకెలకు 30 వేల రెట్లకు పైగా. అంటే 6 తీవ్రత గల ఒక భూకంపపు శక్తి ఖర్చు కావాలంటే 3 తీవ్రత గలవి 30 వేలకు మించి రావాలి. నాందేడ్‌లో వచ్చిన కొద్దిపాటి ప్రకంపనలు ఆ లెక్కలో లేశమాత్రం. మొదటి ప్రచారానికి జవాబు చరిత్రలో ఉంది. 1975 ఫిబ్రవరిలో చైనాలోని హైచెంగ్‌లో ముందస్తు ప్రకంపనలను చూసి జనాన్ని ఇళ్ళు ఖాళీ చేయించారు, చాలామంది బతికారు. మరుసటి ఏడాది జూలైలో తాంగ్‌షాన్‌లో అలాంటి హెచ్చరిక ఏదీ అందలేదు. రెండు లక్షల నలభై వేల మందికి పైగా చనిపోయారు. వరుస ప్రకంపనలు ఎక్కువసార్లు ఏ పెద్ద భూకంపమూ లేకుండానే ఆగిపోతాయి, ఎప్పుడో ఒకసారి ఆగవు. ఏది ఏదో ముందుగా చెప్పే గుర్తు ఇంతవరకు దొరకలేదు.

ఈ అనిశ్చితిని దాచిపెట్టి మాట్లాడితే ఏమవుతుందో ఇటలీలోని లాక్విలా చూపించింది. 2009లో అక్కడ నెలల తరబడి చిన్న ప్రకంపనలు వచ్చాయి. మార్చి 31న నిపుణుల కమిషన్ సమావేశమైంది. శక్తి విడుదలవుతోంది కాబట్టి పరిస్థితి అనుకూలంగానే ఉందని ఒక అధికారి టీవీలో భరోసా ఇచ్చాడు. ఏప్రిల్ 6న వచ్చిన భూకంపంలో 309 మంది మరణించారు. ప్రకంపన వస్తే రాత్రంతా ఆరుబయట గడపడం అక్కడి పాత అలవాటు. ఆ భరోసా విని తమవాళ్ళు ఇంట్లోనే ఉండిపోయారని కుటుంబాలు వాపోయాయి. 2012 అక్టోబరులో కింది కోర్టు ఆరుగురు శాస్త్రవేత్తలకు, ఆ అధికారికి ఆరేళ్ళ చొప్పున జైలుశిక్ష వేసింది. 2014లో అప్పీలు కోర్టు శాస్త్రవేత్తలను నిర్దోషులుగా విడిచిపెట్టి, అధికారి శిక్షను రెండేళ్ళకు తగ్గించింది. భూకంపాన్ని ముందే చెప్పలేకపోయినందుకు శిక్షించారని అప్పట్లో ప్రపంచమంతా అనుకుంది. నిజానికి వాదన నడిచింది లేని నిశ్చయాన్ని ఉన్నట్టు చెప్పడం మీద.

జనం భయపడతారేమోనన్న దయతో నిపుణులు చాలాసార్లు తెలియనిదాన్ని దాస్తారు. ఆ దయలో చిన్నచూపు ఉంది. నిజాన్ని మోయగల శక్తి సామాన్యుడికి లేదన్న అంచనా అందులో ఉంది. తరతరాలుగా వానను, కరువును, గోదావరి వరదను లెక్కలో పెట్టుకుని సేద్యం చేస్తున్న రైతుకు అనిశ్చితి కొత్త కాదు. శాస్త్రవేత్త కంటే ఎక్కువగా దానితో కాపురం చేస్తున్నది అతడే. "వచ్చే అవకాశం తక్కువ, రాదని మాత్రం చెప్పలేం, ఇల్లు ఇలా బాగుచేసుకుంటే వచ్చినా బతుకుతారు" అన్న మాట అతడికి పూర్తిగా అర్థమవుతుంది.

భూకంపం దైవశిక్షా?

కిల్లారిలో లాగా నిమజ్జనం జరిగిన రాత్రే భూమి కదిలితే, పూజలో ఏం లోపం జరిగిందన్న ప్రశ్న భక్తుడి మనసులో మెదలడం సహజం. శాస్త్రం ఆ ప్రశ్నను ఎలా ఎదుర్కోవాలన్నది 1934లోనే దేశం ముందుకు వచ్చింది. ఆ ఏడాది జనవరి 15న బిహార్‌ను, నేపాల్‌ను పెను భూకంపం కుదిపేసింది. అది అస్పృశ్యత అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అని గాంధీ ప్రకటించారు. రవీంద్రనాథ్ టాగూర్ తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. భౌతిక విపత్తులకు కారణం భౌతిక శక్తులేనని, నీతి సూత్రాలను ప్రకృతి ఉత్పాతాలతో ముడిపెట్టడం దేశంలో ఇప్పటికే పాతుకుపోయిన అహేతుకతకు బలమివ్వడమేనని ఆయన రాశారు. ఇదే తర్కంతో గాంధీ ప్రత్యర్థులు భూకంపానికి గాంధీ సంస్కరణోద్యమాన్నే కారణంగా చూపవచ్చునని కూడా అన్నారు. గాంధీ ఆ లేఖను తన హరిజన్ పత్రికలోనే అచ్చువేసి, తన విశ్వాసాన్ని రుజువు చేయలేనని ఒప్పుకుంటూనే దానికి కట్టుబడి ఉన్నారు.

టాగూర్ వాదం భౌతిక కారణం విషయంలో తిరుగులేనిది. పగులు వెంట రాయి జారడానికి, ఊరి జనం పుణ్యపాపాలకు సంబంధం ఉంటే, ఒకే వీధిలో రాతి గోడల ఇల్లు కూలి పక్కనున్న తడికల గుడిసె నిలవడానికి అర్థం ఉండదు. కిల్లారిలో ఎవరు చనిపోయారో నిర్ణయించింది గోడ కట్టిన తీరు. దైవశిక్ష అన్న వివరణలో మరో అన్యాయం కూడా ఉంది. అది బిడ్డను పోగొట్టుకున్న తల్లి నెత్తిన నేరం మోపుతుంది.

అయితే ఆ తల్లి అడిగేది రాళ్ళ గురించి మాత్రమే కాదు. నా బిడ్డకే ఎందుకిలా జరిగిందని ఆమె అడుగుతుంది. ఆ ప్రశ్నకు భూభౌతిక శాస్త్రం దగ్గర జవాబు లేదు, ఉందనుకోవడం తప్పు. దుఃఖానికి అర్థం వెతుక్కోవడం, పోయినవారిని తలచుకోవడం, బతికినవారిని ఓదార్చడం మతం, సమాజం చేసే పనులు. శాస్త్రం తన హద్దు దాటి దేవుడు లేడని తీర్పు చెప్పబోతే, గోడ గురించి అది చెప్పిన నిజాన్ని కూడా జనం వినిపించుకోరు. మతం తన హద్దు దాటి భూకంపానికి కారణం చెప్పబోతే ఇళ్ళు పాత పద్ధతిలోనే కట్టుకుంటారు, మళ్ళీ ప్రాణాలు పోతాయి. మొదటి తప్పు నమ్మకాన్ని చెడగొడుతుంది, రెండోది మనుషులను చంపుతుంది.

దృష్టార్థం, అదృష్టార్థం

ఈ హద్దు గీయడానికి న్యాయదర్శనం ఒక పనిముట్టు ఇచ్చింది. ఆప్తవాక్యం రెండు విధాలని గౌతముడు అన్నాడు. లోకంలో కనబడే విషయాన్ని చెప్పేది దృష్టార్థం, కనబడని పరలోకాది విషయాలను చెప్పేది అదృష్టార్థం. ఫలానా మందు జ్వరం తగ్గిస్తుందన్నది దృష్టార్థం. ఫలానా వ్రతం మోక్షమిస్తుందన్నది అదృష్టార్థం. మొదటి తరగతి మాటలన్నిటినీ పరీక్షించవచ్చు, పరీక్షించి తీరాలి కూడా.

మూఢాచారాలకు, చేతబడికి వ్యతిరేకంగా 2013లో మహారాష్ట్ర తెచ్చిన చట్టం దాదాపు ఈ గీత మీదే నడిచింది. 1989లో మహారాష్ట్ర అంధశ్రద్ధా నిర్మూలన సమితిని స్థాపించిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్ ఏళ్ళ తరబడి ఈ చట్టం కోసం పోరాడారు. 2013 ఆగస్టు 20న పుణేలో ఆయనను కాల్చి చంపారు. నాలుగు రోజులకే రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు జారీ చేసింది, డిసెంబరులో శాసనసభ దాన్ని చట్టం చేసింది. ఆర్డినెన్సు కింద తొలి అరెస్టులు నాందేడ్‌లోనే జరిగాయి. క్యాన్సర్, ఎయిడ్స్, మధుమేహం నయం చేస్తామంటూ అద్భుత చికిత్స అమ్ముతున్నారన్న ఆరోపణ మీద సెప్టెంబరు మొదట్లో పోలీసులు ఇద్దరిని పట్టుకున్నారు. ఇదే చట్టం ప్రదక్షిణలు, యాత్రలు, భజనలు, కీర్తనలు, ప్రవచనాలు తన పరిధిలోకి రావని విడిగా చెప్పింది. క్యాన్సర్ పోతుందన్నది కనబడే ఫలితం గురించిన మాట, దానికి రుజువు కావాలి. గోదావరిలో మునిగి దణ్ణం పెట్టుకోవడం అలాంటి మాట కాదు.

చట్టం మోసగాణ్ణి ఆపగలదు గాని నమ్మకాన్ని పుట్టించలేదు. అద్భుత చికిత్స కోసం వెళ్ళేవారిలో చాలామంది శాస్త్రాన్ని ద్వేషించేవారు కారు. ఆస్పత్రిలో మంచం దొరకనివారు, దొరికినా జబ్బేమిటో ఎవరూ విడమరచి చెప్పనివారు, మందుల ఖర్చు భరించలేనివారు వారిలో ఉంటారు. బాబా దగ్గర కూర్చోబెట్టి మాట్లాడతారు, పేరు పెట్టి పిలుస్తారు. శాస్త్రం చేతిలో నిజం ఉన్నా, ఆ పలకరింపు లేకపోతే జనం నిజాన్ని దాటుకుని వెళ్ళిపోతారు. నమ్మకానికి యోగ్యమైనదంతా నమ్మకం పొందదు, నమ్మకం పొందినదంతా యోగ్యమైనది కాదు. ఈ రెంటినీ కలపడమే శాస్త్ర ప్రచారం చేయవలసిన పని.

వ్యక్తి, గ్రంథం, పద్ధతి

ఎవరి మాట ప్రమాణమన్న ప్రశ్న నాందేడ్ చరిత్రలో ఒక గొప్ప ఘట్టానికి కేంద్రం. 1708 అక్టోబరులో సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ ఇక్కడే దేహం విడిచారు. తన తరవాత మనుషుల్లో గురువు ఉండరని, ఆది గ్రంథమే గురువని ఆయన నిర్ణయించారు. సిక్కుల ఐదు తఖ్తులలో ఒకటైన హజూర్ సాహిబ్ ఆ స్థలంలోనే ఉంది. అధికారం వ్యక్తిని విడిచి, అందరూ చదవగల, వినగల, ఎవరూ సొంతం చేసుకోలేని గ్రంథానికి చెందడం మత చరిత్రలో చాలా పెద్ద మలుపు.

శాస్త్రం కూడా అధికారాన్ని వ్యక్తి నుంచి తప్పించింది, మరో దిక్కుకు. అక్కడ ప్రమాణం పద్ధతికి చెందింది. ఎంత పేరున్న శాస్త్రవేత్త అయినా కొలతలు చూపాలి, మరొకరు కొలిచి సరిచూడాలి. గ్రంథం మారదు, అందులోనే దాని పవిత్రత. శాస్త్ర వాక్యం మారవచ్చు, అందులోనే దాని నిజాయతీ. ఈ తేడా తెలియనంతకాలం జనం శాస్త్రం నుంచి గ్రంథం లాంటి స్థిరత్వాన్ని ఆశిస్తారు, పటం మారినప్పుడల్లా మోసపోయామనుకుంటారు. భక్తుడు తన ఇష్టదైవం మీద పెట్టే నమ్మకం సమర్పణ. శాస్త్రం అడగవలసినది ఆ సమర్పణ కాదు. అది అడగవలసినది హద్దు తెలిసిన, లెక్క అడిగే హక్కును వదులుకోని నమ్మకం. "శాస్త్రాన్ని నమ్మండి" అని ఊరికే అనడం ఆ తేడాను చెరిపేస్తుంది. ఈ విషయంలో ఈ కొలతలను ఇంతవరకు నమ్మవచ్చునని చెప్పడం దాన్ని కాపాడుతుంది.

న్యాయసూత్రాల్లోనే దీనికి సంబంధించిన మరో మెలిక ఉంది. ఆయుర్వేదం లోకంలో ఫలించడాన్ని చూసి, ఆ ఆప్తుల మాటకే చెందిన వేదాన్ని కనబడని విషయాల్లో కూడా నమ్మవచ్చునని గౌతముడు వాదించాడు. పరీక్షకు నిలిచిన చోట పుట్టిన నమ్మకం పరీక్షించలేని చోటికి పాకడం నిజంగా జరిగేదే. శాస్త్రానికి అది బలం, ముప్పు కూడా. రాకెట్టు ఎగరేసినవాడు ఆర్థిక విధానం మీదా, ఆహారపు అలవాట్ల మీదా తీర్పులివ్వడం మొదలుపెడితే, ఒక చోట సంపాదించినదాన్ని మరో చోట పోగొడతాడు.

మాట ఇంటిదాకా చేరిన దారి

కిల్లారి తరవాత జరిగిన ఒక పని శాస్త్ర ప్రచారానికి ఆదర్శం. ప్రపంచ బ్యాంకు సాయంతో మహారాష్ట్ర ప్రభుత్వం 1994లో పునరావాస కార్యక్రమం మొదలుపెట్టింది. పూర్తిగా కూలిన ఊళ్ళను కొత్త చోట కట్టారు. గోడలు బీటలు వారిన లక్షలాది ఇళ్ళను మాత్రం ఉన్నచోటే బలపరచాలి. ఇంజినీర్లకు ఆ విద్య తెలుసు. రాతి గోడ చంపుతుందని కళ్ళారా చూసిన జనానికి మాత్రం అదే గోడను బాగుచేసుకుని అందులో పడుకోమంటే మనసొప్పలేదు.

అక్కడి పాత ఇంటి గోడ రెండున్నర మూడడుగుల మందం ఉంటుంది. బయటి వైపు ఒక వరస రాళ్ళు, లోపలి వైపు ఒక వరస, నడుమ మట్టి, గులకరాళ్ళు. రెండు వరసలనూ కలిపి పట్టే రాయి ఉండదు. పైన చెక్క దూలాలు, వాటి మీద అడుగుకు మించి పరిచిన మట్టి. నేల ఊగితే రెండు వరసలూ చెరో వైపుకు ఉబ్బి విడిపోతాయి, రాళ్ళూ మట్టీ కలిసి మీద పడతాయి. దీనికి విరుగుడు కష్టమైనది కాదు. గోడలో అక్కడక్కడ రాళ్ళు ఊడదీసి ఈ పక్క నుంచి ఆ పక్కకు రంధ్రం చేయాలి, వంచిన ఇనుప కడ్డీ పెట్టి కాంక్రీటు నింపాలి. అది రెండు వరసలనూ కట్టిపడేస్తుంది. కప్పు మీది మట్టి తగ్గించాలి. గోడల చుట్టూ పట్టీ కట్టాలి.

ఈ సంగతి ఇంటింటికీ చేరవేసే పనిని స్వయం శిక్షణ్ ప్రయోగ్ అనే సంస్థ ద్వారా ఊరి మహిళా మండళ్ళకు అప్పగించారు. సంవాద్ సహాయక్ పేరుతో వెయ్యికి పైగా గ్రామాల్లో స్త్రీలు ఆ బాధ్యత తీసుకున్నారు. వారు ముందు తాము నేర్చుకున్నారు, ఊళ్ళో నమూనాగా బలపరచిన ఇంటిని చూపించారు, సిమెంటు లెక్క, డబ్బు లెక్క అడిగి తెలుసుకున్నారు, ఇంజినీరు రాకపోతే నిలదీశారు. వాత్స్యాయనుడు చెప్పిన లక్షణాలు వారిలో కనిపిస్తాయి: తెలుసుకున్నారు, ఉన్నదున్నట్టు చెప్పారు, చెప్పడంలో వారికి వేరే లాభం లేదు. పైగా చెప్పిన మాట తప్పైతే అదే కప్పు కింద వారి పిల్లలూ పడుకుంటారు. ఎంత పెద్ద నిపుణుడి దగ్గరా లేని పూచీ అది.

నాందేడ్ జిల్లాలో ఈ పనికి భాష కూడా ముఖ్యం. మరాఠీతో పాటు బజారులో దక్కనీ ఉర్దూ, హిందీ నడుస్తాయి. గురుద్వారాల దగ్గర పంజాబీ వినిపిస్తుంది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు, కిన్వట్ వైపు ఇళ్ళలో తెలుగు ఉంది. తండాల్లో లంబాడీ, కిన్వట్ అడవుల్లో గోండి, కొలామి మాట్లాడతారు. ప్రకంపన వచ్చిన గంటలో ఫోన్లలో పుకారు ఈ భాషలన్నిటిలోనూ తిరుగుతుంది. శాస్త్రం మరునాడు ఒక్క భాషలో ఒక్క ప్రకటన ఇస్తే పుకారుదే గెలుపు. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం తెలంగాణకూ ఇదే అవసరాన్ని గుర్తుచేసింది. కీర్తన, బుర్రకథ, జన విజ్ఞాన వేదిక కళాజాతాలు ఈ నేలల మీద జనం కూర్చుని విన్న రూపాలు. వాటిలో వినేవాడు మధ్యలో ప్రశ్న అడగవచ్చు.

నమ్మకానికి షరతులు

రాజ్యాంగంలోని 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుడి విధి అంటుంది. 1976లో 42వ సవరణ దాన్ని చేర్చింది. పౌరుడి విధికి జవాబుగా శాస్త్రజ్ఞుడికీ, ప్రభుత్వానికీ కొన్ని విధులుంటాయి. పై సందర్భాలన్నీ కలిపి చూస్తే అవి ఐదుగా తేలతాయి.

తెలిసినదాన్ని, ఊహించినదాన్ని, తెలియనిదాన్ని విడివిడిగా చెప్పాలి. అభిప్రాయం మారినప్పుడు పాత మాట ఎందుకు మారిందో ముందుగా తామే చెప్పాలి. తమ విషయం ఎక్కడ ముగుస్తుందో గుర్తించి, భక్తుడి ప్రార్థనకు, తల్లి దుఃఖానికి తీర్పు చెప్పకుండా ఉండాలి. అదే సమయంలో కనబడే ఫలితం గురించి ఎవరు ఏమన్నా, పీఠాధిపతి అయినా మంత్రి అయినా, రుజువు అడగడానికి వెనుకాడకూడదు. చెప్పేవారు వినేవారికి అందుబాటులో ఉండాలి, వారి భాషలో మాట్లాడాలి, ఫలితానికి పూచీ పడాలి.

ఈ ఐదింటిలో ఏదీ జనాన్ని ఒప్పించే నేర్పుకు సంబంధించినది కాదు, అన్నీ చెప్పేవారి యోగ్యతకు సంబంధించినవే. నాందేడ్ కింద రాయి మళ్ళీ ఎప్పుడు కదులుతుందో చెప్పలేకపోయినా శాస్త్రం నమ్మదగినదిగా ఉండగలదు. ఆ సంగతిని నిజాయతీగా ఒప్పుకుని, గోడ ఎలా కట్టుకోవాలో కచ్చితంగా చెప్పి, కట్టిన గోడ నిలిచేలా చూస్తే, దాని మాట ఆప్తవాక్యమవుతుంది.